పాత పొగగూడు కింద ఏ పొయ్యి మేలు: ఉన్నదే ఉంచాలా, ఇనప పొయ్యా, గొట్టం పెట్టిన మట్టిపొయ్యా?

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర పల్లె. నాటుపెంకుల ఇల్లు. వంటింట్లో తూర్పుగోడ మూలన మట్టిపొయ్యి, దాని మీద ఇటుకతో కట్టిన పొగగూడు ఉన్నాయి. గూడు కింద బండిచక్రమంత వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నబడి, పెంకు దాటాక ఒక్క జానెడు పైకి లేస్తుంది. అంత శ్రమపడి కట్టిన గూడు ఉన్నా, వానాకాలం వస్తే పొగ సగం గూట్లోకి, సగం నడవలోకి పోయేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అడిగితే మా అత్త "పొయ్యన్నాక పొగ రాదేటి?" అంది. నిరుడు పెంకు మార్పించినప్పుడు, ఎలాగూ కప్పు విప్పుతున్నాం కాబట్టి ఈ పొయ్యి సంగతి కూడా తేల్చాలని పట్టుబట్టాను.

మా ముందు ఉన్న దారులు ఇవి. ఉన్న పొయ్యిని అలాగే వాడుకోవడం. గూడు కింద తలుపున్న ఇనప పొయ్యి దింపి, దాని గొట్టాన్ని గూట్లోంచి పైకి పంపడం. ఆ చోటే రెండు కళ్ల మట్టిపొయ్యి కొత్తగా కట్టి గొట్టం పెట్టడం. చేత్తో మోసుకెళ్లే చిన్న ఇనప పొయ్యి కొనడం. లేదా వంటింట్లో కట్టె పొయ్యే లేకుండా పెరట్లోకి మార్చేయడం. మూడు నెలల పాటు మేస్త్రీలనీ, వెల్డింగు పనివాళ్లనీ, ఇలాంటి పొయ్యి ఉన్న ఇళ్లవాళ్లనీ అడిగాను. తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మా ఇంటికి కుదిరింది మీ ఇంటికి కుదరకపోవచ్చు. అందుకే ఏ ఇంటికి ఏది మేలో కూడా చెబుతాను.

గ్యాసు ఉండగా కట్టెలెందుకు?

ఎవరితో మాట్లాడినా ముందు వచ్చేది ఈ ప్రశ్నే. దీపం-2 పథకం 2024 నవంబర్ 1న మొదలైంది మా జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మా ఇంట్లోనూ గ్యాసు ఉంది. పొద్దున్న టీ, రాత్రి కూర, చుట్టాలొస్తే వేపుడు, అన్నీ దాని మీదే. ఊపిరితిత్తుల మాట వరకే అయితే గ్యాసే మేలు, అందులో వాదనకు చోటు లేదు. వంటకి గ్యాసు సరిపోయే ఇంట్లో కట్టె పొయ్యి పెట్టొద్దని ఎవరికైనా చెబుతాను.

మా ఇంట్లో సరిపోదు. ఏడుగురికి స్నానం నీళ్లు, రెండు ఆవులకి ఉడకబెట్టే దాణా, ధాన్యం ఉడకబెట్టే రోజులు, చోడి (రాగి) అంబలి కాచే పెద్ద కుండ. వీటన్నిటికీ గ్యాసు వెలిగిస్తే మూడు సిలిండర్లు మూడు నెలలు రావు. లెక్క వేసి చూశాను. సిలిండర్లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. కిలోకి దాదాపు 45 మెగాజౌళ్ల వేడి, స్టవ్వు అందులో మూడింట రెండు వంతులు గిన్నెకి చేరుస్తుంది. ఎండు కట్టె కిలోకి 15 మెగాజౌళ్లు అనుకున్నా, మామూలు మట్టిపొయ్యి నూటికి 10 నుంచి 15 వంతులే గిన్నెకి ఇచ్చి, మిగతాది గాలిలో కలిపేస్తుంది. ఆ లెక్కన ఒక సిలిండరు చేసే పనికి 190 నుంచి 285 కిలోల దాకా కట్టె కావాలి. నూటికి 25 వంతులు గిన్నెకి చేర్చే పొయ్యి అయితే 115 కిలోలతో సరి. తేడా చిన్నది కాదు.

ఇంకొకటి తుపాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ మా వైపే తీరం దాటింది. ఉద్దానమంతా కొబ్బరి, జీడిమామిడి నేలమట్టమైంది. రోడ్ల మీద చెట్లు పడి ఉంటే గ్యాసు బండి ఎలా వస్తుంది? ఆ రోజుల్లో మా వీధిలో పొయ్యి ఉన్న ఇళ్లవాళ్లే లేని ఇళ్లకి కూడా అన్నం వండి పెట్టారు. అందుకే మా అత్త పొయ్యి తీసెయ్యనంటే నేను కాదనలేదు. ఉండాలి, కాని సరిగ్గా ఉండాలి. నా పట్టుదల అంతవరకే.

నేను భయపడింది దేనికి

పొయ్యితో వచ్చే ముప్పు మూడు రకాలు. మంట కప్పుకి అంటుకోవడం అందరికీ తెలుసు. పొగ కళ్లనీ ఊపిరితిత్తులనీ మెల్లగా తినేయడం తెలిసినా పట్టించుకోం. మూడోదాని సంగతి నాకు నా కాన్పు అయిన నెలలో తెలిసింది.

పుష్యమాసం. మహేంద్రగిరి మీంచి దిగే చలి మా ఊళ్లో రాత్రిళ్లు గట్టిగానే ఉంటుంది. బాలింత గదికి తలుపులు బిగించి, మంచం పక్కన కుంపటి పెట్టారు. పొగ రాకుండా బాగా రగిలిన బొగ్గులే వేశారు. తెల్లవారుజామున లేచేసరికి తల బద్దలైపోతోంది, కడుపులో తిప్పుతోంది, మంచం దిగబోతే కాళ్లు నిలవలేదు. పిల్ల ఏడవడం లేదు, అంత నిద్రలో ఉంది. ఎలా అరిచానో గుర్తు లేదు, మా అత్త వచ్చి తలుపులన్నీ బార్లా తీసింది. వాకిట్లో చలిగాలికి పిల్ల గట్టిగా ఏడ్చేవరకు ఎవరికీ ఊపిరి ఆడలేదు. అది కార్బన్ మోనాక్సైడ్ అని తర్వాత డాక్టరు చెప్పాడు. రంగు ఉండదు, వాసన ఉండదు, కళ్లు మండవు. రక్తం ప్రాణవాయువుని పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. పొగ లేని నిప్పు మంచి నిప్పని మనం అనుకుంటాం. మూసిన గదిలో బొగ్గుల కుంపటికి మించిన ప్రమాదం లేదు. బాలింత గదిలో కుంపటి పెట్టే ఆచారం ఇంకా ఉన్న ఇళ్లవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

అందుకే పొయ్యి ఏదైనా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: నిప్పు నుంచి పుట్టిన గాలి అంతా ఇంటి బయటికి పోతోందా? మంట ఎంత బాగుంది, కట్టె ఎంత ఆదా, ఇవన్నీ ఆ తర్వాత.

ఉన్న పొయ్యిని ఉంచేస్తే

ఖర్చు లేదు, పని లేదు. కాని పాత పొగగూడు ఎందుకు లాగదో తెలిశాక దాని మీద నాకు ఆశ పోయింది. వేడిగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, ఆ లేచే ఊపే పొగని లాగుతుంది. గూడు మరీ వెడల్పయితే వేడిగాలి చుట్టూ వంటింటి చల్లగాలి కూడా చేరి, గూట్లో సగం దూరం పోయేసరికి పొగ చల్లారిపోతుంది. చల్లారిన పొగ ఇక లేవదు, గోడలకి మసిగా అంటుకుంటుంది. పచ్చి కట్టె అయితే ఆ మసి తారులాగా జిడ్డుగా గడ్డకడుతుంది. ఏదో ఒక రోజు మంట కాస్త ఎత్తుగా లేస్తే ఆ తారే అంటుకుంటుంది. దానికి తోడు మా గూడు కొప్పు కంటే కిందనే ఆగిపోయింది. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి వీచినప్పుడు కొప్పు దాటిన గాలి సుడి తిరిగి గూట్లోకే దిగుతుంది. మా ఇంట్లో మధ్యాహ్నం వంటకే పొగ ఎక్కువ ఎందుకో అప్పటికిగాని అర్థం కాలేదు.

ఇలాంటి గూడు ఉన్నవాళ్లు, వేరే ఏమీ చెయ్యలేకపోతే, కనీసం మసి దులిపి, కొప్పు కంటే ఎత్తు పెంచితే కొంత మేలు. కొంతే.

తలుపున్న ఇనప పొయ్యి

మా ఆయన మొదట దీని మీదే మనసు పడ్డాడు. చలి దేశాల్లో ఇళ్లలో పాత పొగగూడు కింద ఇలాంటి ఇనప పొయ్యినే దింపుతారు. చుట్టూ మూసి ఉంటుంది, ముందు తలుపు, తలుపు కింద గాలి పోయే చిన్న కన్నం, వెనకో పైనో గొట్టం. మంటకి కావలసినంత గాలే లోపలికి పోతుంది కాబట్టి కట్టె నిదానంగా, పూర్తిగా కాలుతుంది. పొగగూట్లో వదులుగా తిరిగే పొగని ఒక సన్న గొట్టంలో బంధించి పైదాకా తీసుకుపోవడం దీని గొప్ప.

దీన్ని పెట్టే పద్ధతికి అక్కడ గట్టి నియమాలున్నాయి. అవి మన ఇంటికీ పనికొస్తాయి కాబట్టి చెబుతాను. పొయ్యికీ, కర్రతో చేసిన దేనికైనా మధ్య గజం దూరం ఉండాలి, మన లెక్కలో రెండు మూరలు. ఒంటిపొర గొట్టానికీ కర్రకీ మధ్య మూరెడు ఉండాలి. పొయ్యి ముందు నేల మూరెడు మేర గచ్చో ఇటుకో అయి ఉండాలి, నిప్పుకణిక దొర్లినా అంటుకోకుండా. గొట్టం కప్పు దాటిన చోటు నుంచి కనీసం మూడడుగులు లేవాలి, చుట్టూ పదడుగుల్లో ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తుండాలి. పాత గూటి మూతికీ కొత్త గొట్టానికీ మధ్య ఖాళీని రేకుతో మూసెయ్యాలి, లేకపోతే గది గాలి అందులోంచి పైకి పోయి పొయ్యి లాగుడుని చెడగొడుతుంది.

ఇంత బాగున్నా మేం ఎందుకు వద్దనుకున్నాం? ఈ పొయ్యి పుట్టింది గదిని వేడి చెయ్యడానికి. దాని ఒళ్లంతా కాలి గదంతా వెచ్చబడటమే అక్కడ కావలసింది. మనకి కావలసింది కుండ కింద వేడి. మా దగ్గర చలి ఉండేది రెండు నెలలు. చైత్ర వైశాఖాల్లో ఇనప పెట్టె పక్కన నిలబడి అంబలి తిప్పాలంటే ఒళ్లు కాలిపోతుంది. దానికి తోడు నడక నేర్చిన పిల్ల ఇంట్లో ఉంది, ఎర్రగా కాలిన ఇనుముకి అది చెయ్యి ఆనిస్తే? సముద్రపు గాలికి రేకు ఎంత తొందరగా తుప్పు పడుతుందో మా తలుపు గడియలు చూస్తేనే తెలుస్తుంది. వెల్డింగు షాపులో చేయించిన రేకు పొయ్యి రెండు వానాకాలాలకే అడుగు చిల్లు పడిన ఇల్లొకటి టెక్కలి వైపు చూశాను. పోత ఇనపదైతే మన్నుతుంది, ధర అందదు.

గొట్టం పెట్టిన మట్టిపొయ్యి

ఇది మనకి కొత్త కాదు. 1947 ప్రాంతంలోనే వార్ధాలో మగన్ చూల్హా అని పొగలేని పొయ్యి తయారైంది. 1950ల్లో హైదరాబాదు ఇంజనీరింగ్ రిసెర్చ్ ల్యాబొరేటరీలో ఎస్.పి. రాజు ఇలాంటి పొయ్యి మీదే పనిచేశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1980ల్లో మూడు కళ్ల అస్త్ర పొయ్యి చేశారు. 1980ల నుంచి 2002 దాకా కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిల కార్యక్రమం నడిపింది.

మా అత్తకీ అప్పట్లో ఒక పొగలేని పొయ్యి ఉండేదట. రెండేళ్లు బాగా పనిచేసింది. తర్వాత గొట్టం మసితో పూడుకుపోయింది. ఎవరూ దులపలేదు, దులపాలని ఎవరికీ తెలియదు. పొగ వంటింట్లోకి తన్నడం మొదలెట్టాక, పెద్ద కుండ పట్టడం లేదని కన్నం పగలగొట్టి వెడల్పు చేశారు. ఆ పైన గొట్టాన్ని పీకేసి పాత పొయ్యే కట్టుకున్నారు. ఈ కథ మా ఇంటిది మాత్రమే కాదు. పక్క రాష్ట్రం ఒడిశాలో 44 గ్రామాల్లో గొట్టం పొయ్యిలు ఇచ్చి, ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా నాలుగేళ్ల దాకా పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. మొదటి ఏడాది వంట చేసే ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ మేలు నిలవలేదు. పొయ్యిలు బాగుచేసుకోలేదు, వాడటం తగ్గింది. పొయ్యి మంచిదే అయినా గొట్టం దులిపే మనిషి లేకపోతే దాని మంచితనం ఒక్క ఏడాదే.

అది చదివాకే మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. దులిపే పని మా ఆయనది. వంట చేసేవాళ్ల మీద పెడితే అది జరగదు, వాళ్లకి పొయ్యి ఎప్పుడూ ఖాళీ ఉండదు.

పొయ్యి ఒళ్లు మట్టితోనే కట్టించాం. పుట్టమన్ను, ఊక, పేడ కలిపి మూడు రోజులు నానబెట్టి తొక్కించారు. మా మేస్త్రి ఇటుకల మధ్య సిమెంటు వేస్తానన్నాడు, వద్దన్నాను. సిమెంటు వేడికి నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రెల్లోంచే పొగ వస్తుంది. మన్ను కాలేకొద్దీ గట్టిపడుతుంది. నెర్రె పడినా గుప్పెడు మన్నుతో మనమే మెత్తుకోవచ్చు. కర్ర కింద గాలి పోవడానికి అడుగున ఇనప చువ్వల జల్లెడ పెట్టించాం. ఈ ఒక్కదానితోనే మంట తేడా కంటికి కనిపించింది. ఊదుగొట్టం ఇప్పుడు మూలన పడుంది.

మొదటి కంటి మీద అంబలి కుండ. రెండో కంటి మీద బుడితి ఇత్తడి బిందె, ఎప్పుడూ నీళ్లతో. మొదటి కుండని దాటిన వేడి రెండోదాని అడుగు తడిమి, అక్కడి నుంచి గొట్టంలోకి పోతుంది. వంట అయ్యేసరికి స్నానానికి నీళ్లు సిద్ధం. మా ఇంటికి ఇది మేలని నేను తేల్చుకున్నది ఇందుకే. మన వాతావరణానికి వేడి గదిలో వద్దు, గిన్నెలో కావాలి. మట్టి ఒళ్లు ఆ పని చేస్తుంది, గొట్టం పొగ పని చూసుకుంటుంది. పాత గూడు కూడా దండగ పోలేదు. గొట్టాన్ని దాని మధ్యలోంచే పైకి పంపాం. కర్ర వాసాలకి దూరంగా, నాలుగు పక్కలా ఇటుక కాపలాతో పోతుంది. గొట్టం పెట్టడానికి మీ ఇంట్లో పాత పొగగూటి కన్నా మంచి చోటు ఉండదు.

పెద్ద గాడిపొయ్యి అవసరమయ్యే పెళ్లి వంటకి ఇది పనికిరాదు. కుండ కంటికి సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే చుట్టూ పొగ వస్తుంది. మా అత్త తన కుండలన్నీ కొలిపించి మరీ కళ్లు పెట్టించుకుంది.

గొట్టం దగ్గరే అందరూ తప్పు చేస్తారు

పొయ్యి ఎంత జాగ్రత్తగా కట్టినా గొట్టం దగ్గర కక్కుర్తి పడతాం. ప్లాస్టిక్ పీవీసీ గొట్టం పెట్టిన ఇల్లు నేను కళ్లారా చూశాను. పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఆ ఇంట్లో గొట్టం గోడ దగ్గర ఒంగిపోయి, మూతి పూడిపోయి ఉంది. కాలితే వచ్చే వాయువు కట్టెల పొగకన్నా విషం. సిమెంటు గొట్టాలు వేడిని కొంత తట్టుకుంటాయి, కాని చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. వేడి మీద చల్లటి వాన పడితే పగుళ్లు కూడా వస్తాయి. జీఐ రేకు చౌక, దొరుకుతుంది. దాని మీది జింకు పూత దాదాపు 420 డిగ్రీలకి కరుగుతుంది కాబట్టి నేరుగా మంట తగిలే చోట పెట్టకూడదు. మా దాంట్లో పొగ రెండు కుండలు దాటి చల్లబడి వస్తుంది, అయినా సముద్రపు తుప్పుకి భయపడి స్టీలు రేకే వేయించాం. జీఐ కన్నా రెండింతలకు పైనే అయింది. ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి. ఆదా చెయ్యాలనుకుంటే గచ్చు దగ్గర చేసుకోండి.

గొట్టం వెడల్పు నాలుగు అంగుళాలు. వంపులు లేకుండా నిటారుగా పోవాలి, ఒక్కో వంపు లాగుడుని తగ్గిస్తుంది, మసికి మెట్టవుతుంది.

ఇక ముక్కల అతుకు. ఇక్కడ మా మేస్త్రికీ నాకూ పెద్ద వాదనే జరిగింది. అతను పై ముక్కని కింది ముక్క మీద టోపీలా తొడిగాడు. "వాన నీళ్లు లోపలికి పోకుండా అమ్మా, పెంకు మీద పెంకు ఎలా పెడతామో అలాగ" అన్నాడు. వాన సంగతి చూస్తే అతను చెప్పింది సబబే. కాని గొట్టం లోపల కూడా ఒక వాన ఉంది. పొగలోని తేమా తారూ చల్లబడి గొట్టం గోడలమ్మట కిందకి కారుతుంది. పై ముక్క బయట తొడిగితే ఆ నల్లటి నీరు అతుకు దగ్గర బయటికి వచ్చి గోడంతా చారలు కడుతుంది. పై ముక్క చివర కింది ముక్క లోపలికి దిగితే అది లోపల్నుంచే పొయ్యిలోకి పోయి కాలిపోతుంది. "మేస్త్రీ, బయటి వానకి పైన టోపీ పెడదాం, పెంకు దగ్గర రేకు పట్టీ వేద్దాం. అతుకులు మాత్రం లోపలికి దింపండి" అన్నాను. ఒప్పుకోలేదు. చివరికి ఒక చిన్న ముక్క తెచ్చి, లోపలి నుంచి మజ్జిగ పోసి చూపించాను. అతుకులోంచి తెల్లగా కారడం చూశాక మారు మాట్లాడకుండా అన్నీ విప్పి తిరిగి తొడిగాడు.

టోపీకి నాలుగు పక్కలా జానెడు ఖాళీ ఉండాలి. గొట్టం కొప్పుకి రెండడుగుల పైకి లేచింది, తుపాను గాలికి ఊగకుండా మూడు వైపులా తీగతో లాగి కట్టాం. అడుగున మూత ఉన్న ముక్క పెట్టించాం. నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, పొడవాటి వెదురుకి గోనెపీచు చుట్టి పై నుంచి దింపితే మసి ఆ మూత దగ్గరకి రాలుతుంది. మొదటి నెల సోలెడు వచ్చింది. తర్వాత కట్టె బాగా ఎండబెట్టడం మొదలెట్టాక సగమే వస్తోంది.

కట్టె మాట

ఏ పొయ్యి అయినా పచ్చి కట్టె వేస్తే పొగే. కొత్తగా నరికిన కర్ర బరువులో సగం వరకు నీళ్లే ఉంటాయి, ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికే బోలెడు వేడి పోతుంది. నూటికి 20 వంతుల కన్నా తడి తక్కువ ఉండాలి. కొలిచే పరికరం అక్కర్లేదు. రెండు చెక్కలు ఒకదానితో ఒకటి కొడితే ఖణేల్ మనాలి, డబ్‌మంటే ఇంకా తడి ఉన్నట్టు. కోసిన చివర నెర్రెలు కనిపించాలి. సరుగుడు చీల్చి, ఒక ఎండాకాలం గాలి ఆడేలా పేర్చి పైన రేకు కప్పితే దానికి మించిన వంటచెరకు మా తీరంలో లేదు. కొబ్బరి మట్టలు రాజెయ్యడానికి బాగుంటాయి కాని రవ్వలు లేస్తాయి, చూసుకోవాలి.

జీడిపిక్క తొక్కు మాత్రం ఇంటి పొయ్యిలో వెయ్యకండి. పలాస చుట్టుపక్కల అది చౌకగా దొరుకుతుంది, భగ్గుమని మండుతుంది. ఆ మంట దాని తొక్కలోని జీడినూనెది. చేతికి తగిలితేనే పొక్కే ఆ నూనె పొగలో కలిసి కళ్లలోకీ గొంతులోకీ పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

తాటాకు ఇంటికి, శ్లాబు ఇంటికి

మా పుట్టింటిది బారువ వైపు సముద్రపొడ్డు, తాటాకు కప్పు. నా చిన్నప్పుడు ఒక ఫాల్గుణ మాసం మధ్యాహ్నం మా పక్క చుట్టింటి వంటపాకలో లేచిన ఒక్క రవ్వ కప్పులో పడింది. మా అమ్మ మమ్మల్ని ఇసుక దిబ్బ మీదకి లాక్కెళ్లి నిలబెట్టింది. మేం చూస్తుండగానే మూడు ఇళ్లు బూడిదయ్యాయి. కప్పు అంటుకున్నాక నీళ్ల బిందెలు తెచ్చేలోపే అయిపోతుంది, అంత తొందర.

అందుకని ఆకు కప్పు కింద ఏ పొయ్యీ వద్దు, గొట్టం పొయ్యి అసలే వద్దు. తాటాకులోంచి కాలే గొట్టాన్ని పంపడమంటే కోరి నిప్పు పెట్టుకోవడం. అమ్మకి పెరట్లో ఇంటికి దూరంగా, గాలి ఇంటి వైపు తోయని పక్కన, నాలుగు స్తంభాల మీద రేకు వేయించి మూడు వైపులా తెరిచి ఉంచాం. అక్కడ చేతి ఇనప పొయ్యి పెట్టాం. ఇలాంటి పొయ్యిలకి ఐఎస్ 13152 అని భారతీయ ప్రమాణం ఉంది. గాలి తనంతట తాను లాగే రకం అయితే నూటికి 25 వంతుల వేడైనా గిన్నెకి చేర్చాలి, ఫ్యాను ఉన్న రకం అయితే 35. కొనేటప్పుడు ఆ ముద్ర ఉందేమో చూడండి. గొట్టం ఉండదు కాబట్టి బయట వాడుకోవడానికే ఇది మేలు. పొగ తక్కువ వస్తుందని అమ్మేవాళ్లు చెప్పారని గది లోపల పెట్టకండి. తక్కువే, కాని ఉంది.

శ్లాబు ఇంట్లో, మేడ మీద వాటాలో ఉన్నవాళ్లకి నా మాట ఒక్కటే: గ్యాసు, కరెంటు పొయ్యి. కట్టె పొయ్యి పెట్టే చోటు అది కాదు.

ధర తక్కువ కావాలి, పెరడు ఉంది అన్నవాళ్లకి చేతి పొయ్యి మేలు. పెంకుటిల్లు, పాత పొగగూడు, పెద్ద కుటుంబం, నెలకోసారి వెదురు పట్టే మనిషి, ఈ నాలుగూ ఉన్నవాళ్లకి గొట్టం పెట్టిన మట్టిపొయ్యి మేలు. చివరిది లేకపోతే మొదటి మూడు ఉన్నా వద్దు.

కట్టాక పదిహేను రోజులు ఆరనిచ్చాం, తర్వాత వారం పాటు చిన్న మంటలే. పూర్తి మంట పెట్టిన రోజు ముందుగా అడుగు మూత తీసి, ఒక కాగితం వెలిగించి గొట్టంలోకి పెట్టాను. గొట్టం వేడెక్కితేనే లాగుడు మొదలవుతుంది. తర్వాత మూత బిగించి సరుగుడు పుల్లలు రాజేశాను. మా అత్త వంటింట్లో నిలబడలేదు. వాకిట్లోకి పోయి, చెయ్యి నుదుటికి అడ్డంపెట్టుకుని కొప్పు మీదకి చూస్తోంది. కాసేపటికి అక్కడి నుంచే కేకేసింది: "ఒలే, పైనొత్తంది! లోపలుందేటి?"

"నేదత్తా" అన్నాను.

అప్పుడు లోపలికి వచ్చి, అంబలి కుండ తనే ఎత్తి పొయ్యి మీద పెట్టింది.